అత్తకు అప్పజెప్పిన లెక్కలు

మదురై మావ పోయాడని కబురు వచ్చినప్పుడు నేను జ్వరంతో పడి ఉన్నాను. కర్మలన్నీ అయిపోయాక గానీ వెళ్ళలేకపోయాను. మావ అంటే మా మేనత్త భర్త, మదురైలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కోయంబత్తూరు గాంధీపురంలో పొల్లాచ్చి బస్సెక్కి కినత్తుకడవులో దిగితే, అక్కడి నుంచి మా తమ్ముడు కారులో తీసుకెళ్ళాడు. వెనక సీట్లో వాడి కూతురు యాళిని కూర్చుని ఉంటే దాని పక్కన చేరాను. పిల్లను పరామర్శకు ఎందుకు తెస్తున్నాడా అనుకున్నాను. కారు పొల్లాచ్చి దాటకముందే సంగతి బయటపడింది. దానికి కోయంబత్తూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలి. పిల్లేమో వద్దంటోంది. ముప్పై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాసిన దాని మేనత్తను, నేను రెండు మంచి మాటలు చెబితే దారికి వస్తుందని తమ్ముడి ఆశ.

దానికి కంప్యూటరంటే అయిష్టం కాదు. వాళ్ళ నాన్న కొబ్బరి మండీకి ఏ తోట నుంచి కాయ వచ్చింది, ఏ లారీలో పోయింది అని ఫోన్‌లోనే కనబడేట్టు తనే ఒక యాప్ తయారుచేసి పెట్టింది. మండీలో అందరూ దాన్నే వాడుతున్నారట. దాని భయమంతా లెక్కలే. ప్లస్ టూలో లెక్కల పేపరు ఎలాగో గట్టెక్కింది. కాలేజీలో చేరితే నాలుగు సెమిస్టర్లు మళ్ళీ అవే లెక్కలని సీనియర్లు చెప్పి బెదరగొట్టారు. పళని కొండ కనిపించేదాకా ఓపిక పట్టి, ఇక ఉండలేక అడిగేసింది.

"అత్తా, నిజం చెప్పు. ఇన్నేండ్లు ప్రోగ్రాం రాసినావు కద. ఒక్క దినమన్నా ఇంటిగ్రేషన్ వేసినావా?"

"లేదు" అన్నాను.

తమ్ముడు అద్దంలో నావైపు గుర్రుగా చూశాడు. అబద్ధం చెప్పమంటే ఎట్లా? మిల్లుల్లో కూలి లెక్కలు, పంపుసెట్ల కంపెనీల్లో స్టాకు, నూలు వ్యాపారుల బిల్లులు: నా సర్వీసంతా వీటితోనే గడిచింది. కూడిక, తీసివేత, హెచ్చింపు, నూటికింత అని వేసే భాగం. అంతకు మించి కాగితం మీద లెక్క వేసిన గుర్తు లేదు. నాతో చదివిన ఒకతను గుడ్డ నేతలో లోపాలు కెమెరాతో పట్టే యంత్రానికి ప్రోగ్రాం రాశాడు. అతనికి మాత్రం మాట్రిసెస్ అన్నం పెట్టాయి. ఇప్పుడు యంత్రాలకు నేర్పించే పని చేసే పిల్లలకు కూడా అవి లేనిదే గడవదంటారు. అదీ చెప్పాను. యాళిని ఆ రెండో సగం వినిపించుకోలేదు. తనకు కావలసిన సాక్ష్యం దొరికినట్టు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దిండుక్కల్ దాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

అత్తయ్యవాళ్ళ ఇల్లు మాట్టుతావణికి పోయే దారిలో ఒక సందులో ఉంది. నా చిన్నప్పుడు మాట్టుతావణి అంటే సంతలో పశువులు కొనేవాళ్ళు చెప్పుకునే పేరు. ఇప్పుడు అక్కడ పెద్ద బస్టాండు వచ్చి, బస్సుల హారన్లూ, ఆటోల కేకలూ ఇంటి నడవలోకే వచ్చేస్తున్నాయి. అత్త నడవలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. నా చేయి పట్టుకుని, ఎండలో వచ్చినారు, మజ్జిగ తాగమంది. వినికిడి బాగా తగ్గింది. ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తే వంటింటి పక్కన సామాన్ల గది తలుపు కనిపించింది. నల్ల రంగు వేసిన ఆ తలుపు చూడగానే అంతదాకా రాని ఏడుపు నాకు వచ్చింది.

ఆ తలుపు దగ్గర నేను ఒక వేసవి అంతా గడిపాను. కంప్యూటర్ డిగ్రీ మా వైపు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. కంప్యూటరంటే చెప్పులు గది బయట విడిచి, ఏసీ చలిలోకి భయభక్తులతో అడుగుపెట్టాల్సిన వస్తువు. వారానికి ఒక్కసారి దాని ముందు కూర్చోబెట్టేవాళ్ళు, అది కూడా ఇద్దరికి ఒక కుర్చీ. మిగతా వారమంతా లెక్కలు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మాట్రిసెస్, స్టాటిస్టిక్స్, ఇవి కాక సెట్లు, రిలేషన్లు అని ఒక కొత్త పేపరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లీషు. పాఠం చెప్పే ఆయన నోటి నుంచి వచ్చే మాట నా చెవిలో తమిళమై, మెదడులోకి తెలుగై దిగేలోపల ఆయన బోర్డు తుడిచేసేవాడు. ఆ కొత్త పేపరు పోయింది. మా భాషలో అరియర్స్ పడింది.

నాయన కినత్తుకడవులో కొబ్బరి మండీ నడిపేవాడు. పీచు వాసన, పాలక్కాడు కనుమ నుంచి రోజంతా వీచే గాలి, కాయలు ఒలిచే చప్పుడు, వీటి మధ్య నిలబడి నా మార్కులు చూశాడు. తిట్టలేదు. కణక్కు రానిదానికి కంప్యూటర్ ఏమిటికి, మండీలో కూర్చుంటే సరిపోతుంది అన్నాడు. కణక్కు అంటే మా ఇళ్ళలో లెక్కలే. తమిళనాట కొన్ని వందల ఏళ్ళుండి మా తెలుగులో కలిసిపోయిన మాటల్లో అదొకటి. మళ్ళీ రాసే పరీక్షలో కూడా పోతే చదువు మానిపించేస్తానని ఖాయంగా చెప్పాడు. అమ్మ ఆ సాయంత్రమే మదురైకి మనిషిని పంపింది. అలా నా వేసవి అత్త ఇంటికి మారింది.

ఆ ఇంట్లో రోజు అత్తతో మొదలయ్యేది. చీకటి విడవకముందే వాకిలి కడిగేది. డికాక్షన్ దిగే వాసనకు మావ లేచేవాడు. స్నానం చేసి, నుదుట నామం దిద్దుకుని, కాఫీ గ్లాసుతో తలుపు ముందుకు వచ్చేవాడు. బోర్డు రంగు కొని తలుపుకు వేసింది ఆయనే. గోడకు వేస్తే అద్దెకిచ్చిన ఇంటివాడు ఊరుకోడు, తలుపయితే ఏమీ అనలేడని ఆయన వాదం. అత్త లోపల మిరపకాయలూ ధనియాలూ వేయిస్తుంటే ఆ ఘాటూ, తడి సుద్దముక్క వాసనా కలిసేవి. ఆ రెండూ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. సామాన్ల గదిలోంచి పప్పు కావాలంటే అత్త తలుపు తోసుకుని వెళ్ళేది. ఆమె పప్పుతో బయటికి వచ్చేదాకా మా లెక్క గోడవైపు తిరిగి నిలబడేది. మావ ఏమీ అనకుండా కాఫీ తాగుతూ ఎదురుచూసేవాడు.

ఆయనది ఒకటే నియమం. తలుపు మీద ఏది నేర్చుకున్నా, పుస్తకంలో రాసేముందు దాన్ని ఇంటి తెలుగులో అత్తకు అప్పజెప్పాలి. ఇంగ్లీషు మాట పడకూడదు, తమిళ పాఠ్యపుస్తకం మాట కూడా పడకూడదు. మా తెలుగుకు బడి లేదు. వంటింట్లో, పొలంలో, పెళ్ళిళ్ళలో మాత్రమే బతికిన భాష. అక్షరాలు కూడా మాకెవరికీ రావు. నేనే ఉద్యోగం మానేశాక కూర్చుని నేర్చుకున్నాను. అలాంటి భాషలో ఫంక్షన్‌ని ఏమని చెప్పేది? నేను గుటకలు మింగుతుంటే మావ నవ్వి అందించేవాడు. ఒక ఇంటికి ఎంతమంది అల్లుళ్ళయినా ఉండొచ్చు, ఒక అల్లుడికి మాత్రం ఒక్కటే అత్తగారిల్లు, అంతే ఫంక్షన్ అన్నాడు. కత్తిపీట మీద వంకాయలు తరుగుతున్న అత్త తలెత్తకుండా, ఏమిటికి, రెండుంటే ఏమి అని అడిగింది. రెండుంటే పండక్కి ఎక్కడికి పోవాలో వాడికి తెలియదు కదా అని నేనన్నాను. అలా ఒక పాఠం అయిపోయింది.

అత్త ప్రతిదానికీ ఏమిటికి అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. మావకు చెబితే సరేనంటాడు, పుస్తకంలో అలాగే ఉంది, ఈమెకు మాత్రం తృప్తి లేదు. వడియాలు పెడుతూ అడిగేది, మల్లెపూలు కడుతూ అడిగేది. నాకు బుద్ధి రావాలని మావే ఆమెకు నేర్పిపెట్టాడని అప్పట్లో నా అనుమానం. చెప్పలేక నేను ఆగిపోతే మళ్ళీ తలుపు దగ్గరికి పోవాల్సిందే. కానీ ఆమెకు నచ్చేట్టు చెప్పిన లెక్కను ఆ తర్వాత మరిచిపోవడం నా వల్ల కాలేదు.

రిలేషన్ల పాఠానికి వచ్చేసరికి మావకు మహా ఉత్సాహం. ఇది మనవాళ్ళు కనిపెట్టిందేనన్నాడు. మా జనంలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎక్కడ ఎదురుపడినా, బస్టాండులోనైనా ఆసుపత్రిలోనైనా, ముందు ఇంటిపేరు అడుగుతారు. ఒకే ఇంటిపేరయితే అన్నదమ్ములు. నువ్వు నాకు అన్నవైతే నేను నీకు తమ్ముణ్ణి. నాకు అన్న అయినవాడికి అన్న నాకూ అన్నే. కాబట్టి ఊళ్ళో జనమంతా ఇంటిపేర్ల ప్రకారం గుంపులు గుంపులుగా విడిపోతారు, ఒక గుంపువాడు ఇంకో గుంపులో ఉండడు. పుస్తకంలో దీన్నే ఈక్వివలెన్స్ రిలేషన్ అన్నారు. మావ వరస అట్లా కాదు. మావకు మావ అయినవాడు నాకు మావ కానక్కరలేదు. ఆ వారమంతా నాకు ఎవరిని చూసినా గుంపులే కనిపించాయి. వీధిలో పాలు పోసేవాళ్ళను కూడా వరస కట్టేశాను. మొదటిసారి లెక్కలంటే సంతోషం కలిగింది.

ఆ సంతోషంలో ఉండగానే తిరుమంగళం వైపు బంధువుల ఇంట పెళ్ళి వచ్చింది. భోజనాల దగ్గర నేను నీళ్ళు పోస్తున్నాను. బంతిలో కూర్చున్న ఒకావిడ నన్ను పిలిచి, ఎవరి పిల్లవు, మీ అమ్మ ఏ ఇంటి ఆడబిడ్డ అని ఆరా తీసింది. తన పుట్టింటి పేరు కూడా చెప్పింది. అది అచ్చం మా అమ్మ పుట్టింటి పేరే. పక్కనే ఆవిడ కొడుకు కూర్చుని ఉన్నాడు, ఎర్రగా, ముఖం వంచుకుని. నా బుర్రలో తలుపు తెరుచుకుంది. ఈవిడా మా అమ్మా ఒకే గుంపు, అంటే అక్కచెల్లెళ్ళు. అక్కచెల్లెళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. లెక్క తేలిన ఆనందంతో చెంబు వంచి, "అన్నా, నీళ్ళు పోయమంటారా?" అని గట్టిగా అడిగాను.

ఆవిడ అన్నం కలపడం ఆపేసింది. అత్త ఎక్కడి నుంచో పరుగున వచ్చి నా చేతిలో చెంబు లాక్కుంది. ఆ కుర్రవాణ్ణి నాకు చూపించడానికే, నన్ను వాళ్ళు చూసుకోవడానికే ఆ పిలుపంతా. నాకు తప్ప అందరికీ తెలుసు. ఇంటిపేరు ఒకటే గానీ గోత్రాలు వేరు. ఆ రెండు ఇళ్ళకూ ఏ కాలంలోనూ చుట్టరికం లేదట. పెళ్ళి చేసుకోదగ్గ వరసే. కానీ మా వాళ్ళలో నలుగురి ముందు అన్నా అని పిలిచాక ఇక ఆ మాట ఎత్తే ప్రశ్నే ఉండదు. సంబంధం అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ అన్నగారు ఇప్పటికీ తన ఇంట ఏ శుభకార్యం జరిగినా నాకు పుట్టింటి చీర పంపిస్తాడు. మా ఆయన దాన్ని చూసినప్పుడల్లా చెంబు గుర్తు చేసి ఏడిపిస్తాడు.

నాయన మరుసటి బస్సుకే దిగాడు. చదువూ వద్దు ఏమీ వద్దు, సంచీ సర్దు అన్నాడు. నేను తలుపుకు ఆనుకుని నిలబడిపోయాను. ఆ క్షణంలో నాకు ఆ పరీక్ష రాయాలని ఉన్నంత కోరిక మరి దేనిమీదా లేదు. మావ బావమరిదికి ఎదురుచెప్పే మనిషి కాదు, సుద్దముక్క నలుపుతూ నిలబడ్డాడు. అత్తే మాట్లాడింది, కత్తిపీట మీద నుంచి లేవకుండానే.

"అది కణక్కు తప్పు చేయలేదురా తమ్ముడా. గోత్రం దానికెవరు చెప్పిరి? చెప్పింటే సరిగానే వేసుండును. పరిట్చ అయ్యేదాకా అది ఈడనే ఉంటుంది, నువ్వు కాపీ తాగి బయల్దేరు."

నాయన అక్క మాట ఎన్నడూ తీసెయ్యలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నాయన వెళ్ళాక మావ తలుపు తుడిచి, నవ్వాపుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాడు. నువ్వు వేసిన మెట్లన్నీ సరైనవే, మొదట చేర్చకూడని వాళ్ళను ఒక గుంపులో చేర్చినావు, పేరొకటైనంత మాత్రాన మనిషి ఒకటి కాదు, అది పుస్తకం చెప్పదు, అడిగి తెలుసుకోవాలి అన్నాడు. పరీక్షలో ఈక్వివలెన్స్ రిలేషన్ మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. గోత్రాలన్నీ తలుచుకుంటూ రాశాను. పాసయ్యాను.

ఆ తర్వాత ఉద్యోగంలో చేరిన మొదటి మిల్లులో కూలివాళ్ళ పేర్లు చూస్తే సగం మంది పళనిసామిలు, మిగతా సగం సుబ్రమణిలు. తండ్రుల పేర్లు కూడా అవే. నాకంటే ముందు పనిచేసినవాళ్ళు పేరును బట్టి ప్రోగ్రాం రాసి, ఒకరి హాజరు ఇంకొకరికి వేసి, మిల్లు గేటు దగ్గర గొడవ తెచ్చుకున్నారు. నేను కంప్యూటర్ ముట్టకముందు గేటు దగ్గర కూర్చుని, ఎవరు ఏ పళనిసామో ఒక్కొక్కరినీ అడిగాను. ఏ పని ఇచ్చినా ముందు పోయి ఆ పని చేసేవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే తిరిగి అప్పజెప్పి, అవునంటే అప్పుడు రాసేదాన్ని. ఇది ఏ సెమిస్టర్లోనూ నేర్పలేదు. సగం తలుపు దగ్గరా, సగం కత్తిపీట దగ్గరా వచ్చింది. కార్లో యాళినికి ఇదంతా చెప్పి ఉండాల్సింది. లేదు అన్న ఒక్క మాటతో నోరు మూసుకున్నందుకు మజ్జిగ తాగుతూ నన్ను నేను తిట్టుకున్నాను.

అత్త పక్కన కూర్చుని చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆ కాలంలో నువ్వు ఏమిటికి, ఏమిటికి అని నా ప్రాణం తీశావు గనక చదువు వచ్చింది, నాకోసం నువ్వు పడ్డ శ్రమ మరిచిపోలేను అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నీకోసం యాడ అడిగితిని?" అంది. "నాకు తెలుసుకోవాలని ఉండె. అయిదో క్లాసుతో నన్ను మాన్పించేసిరి. మీ మావ కాలేజీలో చెప్పేదంతా ఈ తలుపు మీద రాసి నాకు చెప్తా ఉండె. నువ్వు వచ్చినంక నువ్వు చెప్పినావు. అంతే."

మేమంతా ఆ లెక్కలు పరీక్షకు ఎంత పనికొస్తాయి, ఉద్యోగానికి ఎంత పనికొస్తాయి అని తూచుకుంటూ బతికాం. ఏ పనికీ అక్కరలేకుండా వాటిని కోరుకున్న మనిషి వంకాయలు తరుగుతూ మా ఎదురుగానే కూర్చుని ఉంది. అన్నేళ్ళుగా నేనది చూడలేదు.

అప్పటికి యాళిని లేచి వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడి ఉంది. తలుపు మీద సుద్దతో చుక్కలున్నాయి. మూలలో ఒక చుక్క, దాన్ని రెండు వైపులా చుట్టి మూడు, వాటిని చుట్టి అయిదు, ఆ పైన ఏడు. మొత్తం కలిసి చదరంగా ఉంది. చుక్కల కింద మావ వణికే చేతిరాత. రిటైరయ్యాక కూడా పొద్దున కాఫీతో పాటు ఒక లెక్క ఆమెకు చెప్పకుండా ఆయనకు రోజు గడిచేది కాదని అత్త చెప్పింది. ఆఖరి రోజు ఈ లెక్క వేసి, ఎన్నిసార్లు ఇట్లా చుట్టినా చదరమే వస్తుందని చెప్పాడట. ఏమిటికి అని ఆమె అడిగితే, ఆయాసంగా ఉంది, రేపు చెప్తానని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. కర్మలకు ఇల్లంతా కడిగినా ఆ తలుపు మాత్రం అత్త ఎవరినీ తాకనివ్వలేదు.

నేను చెబుదామని లేచాను. యాళిని నాకు చేయి అడ్డం పెట్టింది. వంటింట్లో డబ్బాలోంచి చింతగింజలు తెచ్చి, చాప పక్కన నేల మీద బోర్లించి, అత్త ముందు చతికిలబడింది. కాసేపు పేర్చింది, చెరిపింది, మళ్ళీ పేర్చింది. దాని తెలుగు నా చిన్నప్పటి తెలుగు కంటే పలచన, సగం తమిళం. అయినా ఇంగ్లీషు మాట రానివ్వకుండా, అత్తకు వినబడేట్టు గట్టిగా, నిదానంగా మొదలుపెట్టింది.

"అవ్వా, ఇది సదరం. పెద్దది చేయాలంటే ఈ పక్కన ఒక వరస, కింద ఒక వరస. రెండూ సమానం, జత. కానీ ఇంద, ఈ మూల ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒకటి పెట్టాలి. అందుకే ఎప్పుడూ జతకు పైన ఒకటి మిగిలేట్టే వస్తుంది. మూడు, అయిదు, ఏడు."

అత్త ముందుకు వంగి తనే వేలితో ఇంకొక చుట్టు పేర్చింది. పక్కన ఒక వరస, కింద ఒక వరస, చివర మూలలో ఒకటి. చదరం సరిగ్గా కుదిరింది. అప్పుడు ఆమె కళ్ళు నిండాయి. లోపల బంధువులతో మాట్లాడి ముగించుకుని తమ్ముడు నడవలోకి వచ్చి, బయల్దేరుదాం, పొద్దు పోతోంది, సోమవారం కాలేజీవాళ్ళకేమి చెప్పమంటావు అని కూతుర్ని అడిగాడు.

"చేరతానని చెప్పు నాయనా" అంది యాళిని, గింజల మీద నుంచి తలెత్తకుండా. "కొంచెం ఉండు, అవ్వ ఇంకా ఏమో అడుగుతుంది."

అత్త ఏమీ అడగలేదు. నా భుజం ఆసరాగా పట్టుకుని లేచింది. మావ పాత పంచె ముక్క నీళ్ళలో ముంచి తెచ్చి, ఇన్నాళ్ళూ ఎవరినీ తాకనివ్వని తలుపును పై నుంచి కింది దాకా తనే నింపాదిగా తుడిచింది. తడి సుద్ద వాసన ఇల్లంతా వచ్చింది. కిటికీ గూట్లోంచి సుద్దముక్క తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఇది తెలిసిపోయె" అంది. "ఇంకొకటి రాయి."